ఒక పొడుగడుగు, ఒక పొట్టడుగు

నమోదు 1

ప్రతి లయ సహాయకుడూ దినచర్య రాయాలని నిబంధన. రాస్తున్నాను. పైవాళ్ళు చదువుతారని చెప్పారు గానీ, చదివిన ఆనవాళ్ళు ఇంతవరకు ఎవరికీ కనపడలేదు.

నా పేరు వామనరావు. మూడడుగులతో లోకాలన్నీ కొలిచినవాడి పేరు. నేను కొలిచేది ఇతరుల అడుగులు. ధ్వనిశాస్త్రంలో ఎమ్మెస్సీ చేశాను. ఆ చదువుతో నేను ఇక్కడ నిర్వహిస్తున్న మొట్టమొదటి శాస్త్రీయ బాధ్యత, ఇయర్‌ఫోన్లలోంచి జనం గుబిలి తీయడం. హోదా: లయ సహాయకుడు, మూడో తరగతి. ఒకటో తరగతివాడూ రెండో తరగతివాడూ ఎక్కడున్నారని అడిగాను. ఆ పోస్టులు ఇంకా మంజూరు కాలేదట.

మేముండేది ఆకాశంలో తిరిగే ఒక పెద్ద చక్రంలో. కాగితాల మీద దానికి నోరు తిరగని పేరుంది. మేం మాత్రం గానుగ అంటాం. అది తిరుగుతుంది, దానిలో మేమూ తిరుగుతాం. చక్రం అంచున ఉంటే భూమ్మీద ఉన్నట్టే బరువుంటుంది. నడిమధ్యన బొడ్డు ఉంది, అక్కడ బరువే ఉండదు. బరువు లేనిచోట ఎముక తడిసిన సున్నంలా అయిపోతుంది. అందుకని అంచు పొడుగునా బాట వేశారు. ప్రతి ఒక్కరూ రోజూ ఆ బాట మీద నడవాలి, నడుముకి ప్లేయరు తగిలించుకుని.

ప్లేయరు చేసే పని చిన్నదే. నడుము కుదుపుని బట్టి అడుగుల వేగం కనిపెడుతుంది. పాటని ఆ వేగానికి సాగదీస్తుంది, లేదా కుదిస్తుంది. కాలు కుదిరాక తాళాన్ని ఒక్క పిసరు ముందుకి జరుపుతుంది. మనిషి తనకి తెలియకుండానే దాని వెనకాల పోతాడు. అడుగూ తాళమూ ఎంత కలిశాయన్నది లెక్క. దాన్ని పొత్తు అంటాం. పొత్తు కుదిరితే పచ్చ దీపం, తప్పితే పసుపు.

ఈ ఏర్పాటు వల్ల గానుగలో ఏ పాటనైనా దాని సొంత వేగంలో విన్న మనిషి లేడు. ఎవరి నడక వేగం వాళ్ళ పాటకి.

నమోదు 2

క్యాంటీన్‌లో అప్పలనరసమ్మ గారు నా మీద మొదటిసారి కేకలేసింది. వంటశాల ఆవిడ చేతి కింద ఉంది. వయసు ఎవరికీ చెప్పదు. చక్రం కట్టే రోజుల్లో నీళ్ళ పీపా ఒకటి పడి ఎడమ కాలు తొడ దగ్గర విరిగింది. అతికింది గానీ పొట్టిదైపోయింది.

"ఓరి గుంటడా! కంచం అలగ ఒగ్గీసి ఎల్లిపోతన్నావేటి? ఎవుడు కడుగుతాడనుకున్నావు?"

"మెషీన్ ఉంది కదండీ."

"మిసనుకీ ఒక అమ్మ ఉండుంటే నీలాటోడ్ని కనేది కాదు."

అక్కడున్న జనమంతా నవ్వారు. నేను సైతం గంభీరంగా నవ్వాను. కంచం మాత్రం కడగలేదు. ఒకసారి లొంగితే జీవితమంతా లొంగాలి.

నమోదు 4

ఈ రోజు సాంబిరెడ్డి గారి సాగనంపు నడక.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రాస్తున్నాను. ఇక్కడ మనిషిని పూడ్చడానికి మట్టి లేదు, కాల్చడానికి గాలి మిగలదు. ఉన్నది బాట ఒక్కటే. అందుకని ఎవరైనా పోతే, వాళ్ళు ఎక్కువగా విన్న పాటని, వాళ్ళు నడిచిన వేగంతో, అందరి ప్లేయర్లలోకీ ఒకేసారి వదులుతాం. జనమంతా ఆ తాళానికి అడుగేస్తూ గానుగ ఒక చుట్టు తిరుగుతారు. ఆ ఒక్క చుట్టూ అందరూ పోయినవాడిలా నడుస్తారు. పాట వదిలే మీట నా చేతిలో ఉంటుంది.

సాంబిరెడ్డి గారు పైపుల ఫిట్టరు. ఆయన నడిచేవాడు కాదు, ఎక్కడో నీళ్ళు కారుతున్నట్టు పరిగెత్తేవాడు. కాబట్టి ఈ రోజు పెద్దా చిన్నా అందరం ఏడుస్తూ ఆయన వెనక పరిగెత్తాం. సగం చుట్టుకే ఆయాసం. "పోయాక కూడా మన చేత ఒగర్చేదాకా పని చేయిస్తున్నాడు" అన్నారెవరో. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెంటికీ ఊపిరి చాల్లేదు.

అప్పలనరసమ్మ గారు మాత్రం గోడ పక్కన కడ్డీ పట్టుకుని నిలబడిపోయింది. చుట్టు పూర్తయ్యాక ఆమె దగ్గరకి వెళ్ళాను.

"రాలేదేమండీ?"

"ఏటొస్తాను బావూ? నా కాలికి ఏ పాటా అందదు. నా మొగుడి నడకలోనే నాను ఎనకబడిపోనాను."

ఆమె భర్త సింహాద్రి నా కంటే ముందు రోజులవాడు. ఎముక మెత్తబడిందని బొడ్డు వార్డుకి పంపారట, బాగయ్యాక తెచ్చేస్తామని. బొడ్డులో బరువుండదు, నొప్పి తెలియదు. అందుకే అక్కడికి వెళ్ళినవాళ్ళు తిరిగి రారు. మిగిలిన ఎముక కూడా అక్కడే కరిగిపోతుంది.

"సూడ్డానికి ఎల్లినప్పుడల్లా సేపలాగ తేలీవోడు. 'నేల ఎలాగుందే?' అనడిగీవోడు. ఏదో పక్కింటోల్ల బాగోగులు అడిగినట్టు. పోయేసరికి ఆడి నడకెలాటిదో మీ పెట్టికి తెలీకపోనాది. ఆడు నడిసి శానా కాలమైపోనాది కదా. ఏదో మామూలు పాటేసి, మామూలు అడుగేయించీసినారు. ఊరందరూ ముందెల్లిపోనారు. నాను ఎనకాల కుంటుకుంటా, ఆడిది కాని నడకెనకాల."

నేను ఏదైనా జోకు వేద్దామని చూశాను. దొరకలేదు. ఇది నా ఉద్యోగ జీవితంలో మొదటి వైఫల్యం.

నమోదు 7

అప్పలనరసమ్మ గారి ప్లేయరులో రెండోసారి పసుపు పడింది. నెలనెలా తనిఖీ ఉంటుంది. వరసగా మూడు పసుపులు పడితే మనిషిని బొడ్డుకి మారుస్తారు. వచ్చే తనిఖీ ఆమెకి మూడోది.

ఆమె ప్లేయరు తీసుకొచ్చి నా బల్ల మీద పెట్టింది, బాకీ పడ్డ కోడిని దించినట్టు.

"నీ పెట్టి నన్ను తోసీస్తన్నాది."

"ప్లేయరు తోయదండీ. మిమ్మల్ని అనుసరిస్తుంది."

"నాను కాలెత్తేలోపలే డప్పు కొట్టీస్తన్నాది. కాలు దించీలోపల ఇంకోటి. ఎవుడో ఎనకాల నిలబడి మెడ మీద గెంటుతున్నట్టుంటాది. అందుకే తూలతన్నాను."

నెమ్మది పాటలు పెట్టాను. ఈడ్చింది. హుషారు పాటలు పెట్టాను. తూలింది. ఎమ్మెస్సీలో నేర్చుకున్నవన్నీ పెట్టాను. మలుపు దగ్గర పడిపోయింది. చెయ్యందిస్తే నా చెయ్యి కాకుండా చెవి పట్టుకుని లేచింది. అది కూడా కావాలనే.

"సూడు వామనం. ఆ బొడ్డులోకి నన్ను పంపకండి. సావంటే నాకు బయిం నేదు. నేల మీద సస్తాను. తేలి సావను. పోనాక నా నడక నాకుండాల."

నమోదు 8

నడక అధికారి వేదాచలం గారితో మాట్లాడాను. ఆయన చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషైతే ఈ నమోదు రాయడం నాకు చాలా సులువయ్యేది.

"వామనరావ్, పొత్తు తగ్గినవాళ్ళే పడతారు. పడితే తుంటి విరుగుతుంది. విరిగితే మూడు నెలల నొప్పి, ఆ తర్వాత ఎలాగూ బొడ్డే. ముగ్గురిని నేనే మోసుకెళ్ళాను. వాళ్ళ అరుపులు నువ్వు వినలేదు."

"ప్లేయరు లేకుండా నడిస్తే, సార్?"

"కొలత లేకుండా ఎవరిని నడవనివ్వమంటావు? ఈ రోజు ఆవిడ, రేపు ఇంకొకరు. తర్వాత ఎవరెప్పుడు పడతారో ఎలా తెలుస్తుంది?"

"ఆవిడ పడుతున్నది పాట వల్లేమో."

"అయితే పాట మార్చు. అది నీ పనే కదా."

నిజమే. అది నా పనే. ఇంతవరకు ఎవరూ ఆ మాట అంత సూటిగా అనలేదు.

నమోదు 11

మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాను. అప్పలనరసమ్మ గారు వంటశాలలోంచి పులుసు గిన్నె ఎత్తుకొచ్చింది. అంచుదాకా నిండిన గిన్నె. చెవుల్లో ఇయర్‌ఫోన్లు లేవు, వంటశాలలో పెట్టుకోనివ్వరు. నిండా పులుసుతో క్యాంటీన్ ఈ చివర నుంచి ఆ చివరకి వచ్చింది. ఒక్క చుక్క ఒలకలేదు.

తూలే మనిషి గిన్నెలో పులుసు ఎందుకు ఒలకలేదు?

నేను తినడం మానేసి ఆమె కాళ్ళని చూస్తూ బల్ల మీద వేలితో కొట్టాను. కుడి కాలు మోపినప్పుడు నిదానంగా ఆగుతుంది. ఎడమది తాకీ తాకగానే లేస్తుంది. ఒక పొడుగు, ఒక పొట్టి. ఒక పొడుగు, ఒక పొట్టి. ఎప్పుడూ అంతే. కొంచెం కూడా తేడా లేదు. పొడుగుది రెండు దెబ్బలంత, పొట్టిది ఒక దెబ్బంత. కలిపితే మూడు.

ఆమె తాళం తప్పడం లేదు. ఆమె తాళం మూడు.

ప్లేయరుకి మాత్రం మనిషంటే సమానమైన రెండు కాళ్ళు. పొడుగునీ పొట్టినీ కలిపి, సగం చేసి, లేని ఒక అడుగుని కనిపెట్టి, దానికి డప్పు కొడుతోంది. డప్పు పడినచోట ఆమె కాలు లేదు. కాలు పడినచోట డప్పు లేదు. నేనూ ఇన్నాళ్ళూ తెర మీద ఆ సగటునే చూస్తూ కూర్చున్నాను, పక్కనే మనిషి నడుస్తూ వెళుతుంటే.

"ఏట్రా అలగ సూస్తన్నావు? కాళ్ళు ఎప్పుడూ సూడనేదా?"

"మీ నడక చాలా బాగుందండీ."

"సిగ్గు నేకపోతే సరి! నీ అమ్మమ్మ ఈడుదాన్ని."

గరిటెతో ఒకటి వేసింది. నేను దాన్ని పరిశోధనా వ్యయంగా నమోదు చేస్తున్నాను.

నమోదు 12

మూడు దెబ్బల పాట కోసం భాండాగారమంతా వెతికాను. ఒక్కటీ లేదు.

గానుగ పైకి వచ్చేముందు ఎవరో బుద్ధిమంతుడు జాగా మిగల్చడానికి "నడకకు పనికిరానివి" అని ఒక రకం పాటలన్నీ తీసేశాడు. ఉయ్యాల పాటలు పోయాయి. పడవ పాటలు పోయాయి. పల్లకీ మోసేవాళ్ళ పాటలు కూడా పోయాయి, వాళ్ళు జీవితమంతా నడిచినవాళ్ళే అయినా. మిగిలినవన్నీ రెండూ నాలుగూ, కవాతు చేసుకుంటూ పోయేవి.

కింద భూమి నుంచి తెప్పించాలంటే అనుమతి రావాలి. అనుమతి వచ్చేలోపు తనిఖీ వస్తుంది.

కాబట్టి పాట ఇక్కడే పుట్టాలి. నేను పాడదామనుకున్నాను. ఒకసారి రికార్డు చేసి విన్నాను. పైవాళ్ళు ఈ దినచర్య చదవకపోవడమే మంచిదని మొదటిసారి అనిపించింది.

నమోదు 13

"నాకు పాటలేటొచ్చు?" అంది అప్పలనరసమ్మ గారు, అంట్ల దగ్గర.

"ఏదైనా పర్వాలేదండీ. పనిచేసుకుంటూ ఊరికే అనుకునేది."

వంటశాలలో మిగతా ఇద్దరు, సూరీడమ్మ, బంగారయ్య, ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని నవ్వు ఆపుకున్నారు.

"ఉందండీ ఒకటి" అన్నాడు బంగారయ్య. "గిన్నెలు మోసేటప్పుడు పాడుతుంది. మీకు మంచిది కాదు."

"నోర్ముయ్యి బంగారీ."

"వామనంగారి పేరు కూడా ఉందండీ అందులో."

అరగంట బతిమాలాను. చివరికి ఆమె చేతులు తుడుచుకుని, గోడవైపు తిరిగి నిలబడి, కుడి కాలు మోపి ఎడమ కాలు ఎత్తుతూ మొదలెట్టింది. ఆ గొంతు కేకలకే తప్ప ఎందుకూ పనికిరాదనుకునేవాణ్ణి.

"తిన్న కంచం కడగనోడా,
ఎవుడు కడుగునురా?
సుక్కలోన అంట్లు తోమ
ఎవతె ఉన్నదిరా?
నాజూకు వామనానికి
సేతులున్నవటరా?
సన్నకాళ్ళ ఏదాసలం
సూసి నవ్వునురా!"

సూరీడమ్మ మూకుడు మీద గరిటె వేసింది, పొడుగు దెబ్బకి. బంగారయ్య డబ్బా మూత వేశాడు, పొట్టి దెబ్బకి. గానుగలో అన్నం పారేసిన ప్రతివాడికీ ఒక చరణం ఉంది. పాట చాలాసేపు సాగింది. నా చరణాలు రెండు. రెండోది ఇక్కడ రాయను.

మొత్తం రికార్డు చేశాను. ఎక్కడా సాగదీయలేదు, కుదించలేదు. సింహాద్రి గారి పేరు కూడా వచ్చింది చివర్లో. ఆయన కంచం ఎప్పుడూ కడిగేవాడట. ఆ చరణం దగ్గర గరిటె కాసేపు ఆగింది.

నమోదు 15

పాట ఉంది. ప్లేయరు ఒప్పుకోదు. నడుముకి పెడితే రెండు కాళ్ళ కుదుపూ వింటుంది, మళ్ళీ సగటు తీసి మూడుని నాలుగు చేయాలని పాటని నానా హింసా పెడుతుంది. లోపలి లెక్క మార్చడానికి నాకు తాళంచెవి ఇవ్వలేదు. మూడో తరగతికి ఇవ్వరట.

బంగారయ్య చూసి చూసి, "రెండు కాళ్ళూ వినడమే దాని జబ్బైతే, ఒకటే వినిపించండి" అన్నాడు.

నేనూ ఆలోచించాను. నడుము దగ్గర రెండు కాళ్ళూ వినపడతాయి. చీలమండ దగ్గర ఒకటే వినపడుతుంది. వంటగుడ్డ చించి ప్లేయరుని ఆమె ఎడమ కాలికి కట్టాను. ఇప్పుడు దానికి తెలిసేది ఆ ఒక్క కాలే. ఆ కాలు నేల తాకినప్పుడల్లా పాటలో మూడు దెబ్బల వరస ఒకటి మొదలవుతుంది. మధ్యలో కుడి కాలు ఎంతసేపు నిలబడాలన్నది ఆమె ఇష్టం. పాటకి ముందే తెలుసు, ఆమె గొంతే కదా.

క్యాంటీన్‌లో అటూ ఇటూ నడిపించాను. పచ్చ. వెనక్కి తిప్పాను. పచ్చ. పులుసు గిన్నె ఎత్తుకోమన్నాను. పచ్చే.

నేను చాలన్నా ఆమె ఆగలేదు. చాలాసేపు నడుస్తూనే ఉంది.

నమోదు 16

తనిఖీ.

బాట పక్కన జనం చేరారు. చూడ్డానికి కాదన్నట్టు ఎవరి పనులు వాళ్ళు చేసుకుంటున్నట్టు నిలబడ్డారు. బంగారయ్య ఒకే గరిటెని చాలాసేపు తుడిచాడు.

ఆమె మొదలెట్టింది. ఒక పొడుగు, ఒక పొట్టి. మలుపు దగ్గర బంగారయ్య గరిటె తుడవడం ఆపాడు. మలుపు దాటింది. ఒంట్లో ఎక్కడా తూలుడు లేదు. తల నిటారుగా ఉంది. పెదాలు కదులుతున్నాయి, ఎవరినో తిడుతున్నట్టు. తిడుతోంది కూడా.

చుట్టు పూర్తయింది. దీపం పచ్చ. అప్పుడు వేదాచలం గారి చూపు ఆమె కాలి గుడ్డ మీద పడింది.

"ప్లేయరు నడుముకి ఉండాలి."

నేను ముందుకి వచ్చి చెప్పాను, సగటు సంగతి, మూడు సంగతి. ఈసారి వేళాకోళమేమీ కలపలేదు.

ఆయన వంగి ఒక ఇయర్‌ఫోను తీసుకుని చెవిలో పెట్టుకున్నారు. "మళ్ళీ నడవండమ్మా" అన్నారు. ఆమె నడిచింది. ఆయన పక్కనే నడిచారు, తీగ తెగిపోకుండా దగ్గరగా. సన్నకాళ్ళ చరణం వచ్చిందని మాకు ఆయన మొహంలోనే తెలిసింది. చెవుల దాకా ఎర్రబడ్డారు. అయినా ఆగలేదు. కాసేపటికి ఆయన కుడి కాలు కూడా నిదానించింది.

"ఈ నెలకి పచ్చ" అన్నారు చివరికి. "పైకి రాస్తాను. వాళ్ళు ఒప్పుకోకపోతే వచ్చే నెల నేనేం చేయలేను."

"ఒచ్చే నెల సంగతి ఒచ్చే నెల సూద్దాం బావూ" అంది ఆమె. "మీరు మజ్జిగ తాగి ఎల్లండి. కంచం మాత్రం కడగాల."

నమోదు 24

పైనుంచి జవాబు లేదు. ఆమె రోజూ నడుస్తోంది. పొద్దున గిన్నెలు, తర్వాత బాట. ఇద్దరు పిల్లలు ఆమె వెనక కుంటుతూ నడవడం చూశాను. వెక్కిరింపేమో అనుకుని కేకలేయబోయాను. కాదు. పాట వినపడక, ఆమె కాలు చూసి తాళం నేర్చుకుంటున్నారు.

నమోదు 29

అప్పలనరసమ్మ గారు పోయింది.

తనిఖీకి ఇంకా రోజులుండగానే. వంటశాలలో, బియ్యం కడుగుతూ పీట మీద కూర్చుని, అలా గోడకి ఆనుకుంది. సూరీడమ్మ పిలిస్తే పలకలేదు. రెండు పాదాలూ నేల మీద ఉన్నాయి. ఎడమ కాలికి గుడ్డ కట్టే ఉంది.

ఈ నమోదులో ఇంకేమీ రాయలేను.

నమోదు 30

సాగనంపు నడక.

పాట సిద్ధంగా ఉంది. మీట నా చేతిలో ఉంది. అందరూ బాట మీదకి వచ్చారు, నడుములకి ప్లేయర్లతో. అప్పుడు నాకు తట్టింది. పాట ఆమె వేగంతో వదిలినా, నడుముకి ఉంటే ప్రతి ప్లేయరూ తనని కట్టుకున్న మనిషి రెండు కాళ్ళకీ సగటు తీస్తుంది. ఆమె మూడుని విరిచి నాలుగు చేస్తుంది. ఊరంతా తిన్నగా, సమానంగా, ఆమెది కాని నడక నడుస్తారు. సింహాద్రికి జరిగిందే ఆమెకీ జరుగుతుంది. అదీ నా చేతులతో.

మీట మీంచి చెయ్యి తీసి, అందరి నడుముల వంకా చూశాను.

వేదాచలం గారు ముందు వరసలో ఉన్నారు. నడుము నుంచి ప్లేయరు తీశారు. జేబులోంచి చేతిరుమాలు తీశారు.

"ఏ కాలికయ్యా?" అన్నారు.

"ఎడమ కాలికి, సార్."

ఆయన వంగి కట్టుకున్నారు. వెనకవాళ్ళు చూశారు. కండువాలు, జడ రిబ్బన్లు, పైపులకి చుట్టే పట్టీలు, ఏది దొరికితే అది. గానుగ అంతా వంగి ఎడమ కాలికి ముడి వేసుకుంది.

మీట నొక్కాను.

కుడి కాలు ఆగింది. ఎడమ కాలు తాకి లేచింది. ఒక పొడుగు, ఒక పొట్టి. మొదట తడబడ్డాం. పదిమంది ఒకళ్ళ మీద ఒకళ్ళు తూలారు. తర్వాత ఆ గొంతు మమ్మల్ని పట్టుకుంది. చిన్నవాళ్ళు, ముసలివాళ్ళు, అధికారి, వంటవాళ్ళు, ఊరు ఊరంతా కుంటుతూ, ఒక్క కాలుగా, ఒక్క మనిషిగా. నేల కూడా ఆ మూడు దెబ్బలూ పలికింది. చెవుల్లో ఆమె ఒక్కొక్కళ్ళనీ పేరు పెట్టి తిడుతూనే ఉంది. ఎవరి చరణం వస్తే వాళ్ళు ఏడ్చారు. నా రెండో చరణం కూడా అందరూ విన్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

చివరి చరణంలో గరిటె ఆగినచోట అందరి కాళ్ళూ ఆగాయి. తర్వాత మళ్ళీ కదిలాయి.

ఈసారి ఎవరూ వెనకబడలేదు.

నడక అయ్యాక క్యాంటీన్‌లో అన్నం పెట్టారు. తిన్నాం. మెషీన్ ఖాళీగా ఉంది. కుళాయి దగ్గర మాత్రం పెద్ద వరస. నేనూ నిలబడ్డాను, నా కంచంతో. ముందు వేదాచలం గారు.